ఇద్దరు కూర్చునే మగ్గం

కొత్తవాడ, వరంగల్
14 ఆగస్టు 2024

భవానీ,

నా నంబర్ బ్లాక్ చేశావు. మన దగ్గర పని నేర్చుకునే నవ్య ఫోన్ నుంచి చేస్తే నా గొంతు వినగానే పెట్టేశావు. పోస్టాఫీసును బ్లాక్ చేయడం కుదరదు కాబట్టి రాస్తున్నాను. పదో తరగతి పరీక్షలో సెలవు చీటీ రాసిన తర్వాత నేను ఉత్తరం రాయడం ఇదే. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

ఏడో తారీఖున ఏం జరిగిందో నాకు తెలిసినంత వరకు వరుసగా రాస్తాను. చేనేత దినోత్సవం సభ పదకొండుకు మొదలు కావాలి, పన్నెండుంబావుకు మొదలైంది. సన్మానం ఐదుగురికి, నీది మూడో పేరు. నిన్ను పరిచయం చేయమని సొసైటీ వాళ్ళు నన్ను అడిగారు. నేను మైకులో చదివిన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"భవాని తండ్రి మొండయ్య నెక్కొండ దగ్గర పత్తి రైతు. తొంభై ఎనిమిదిలో పంట పోయి పురుగుల మందు తాగి చనిపోయాడు. అప్పుడు భవానికి పదేళ్ళు. తల్లి యాదవ్వ కూలికి పోతూ బిడ్డను వరంగల్ హాస్టల్లో ఉంచి పదో తరగతి దాకా చదివించింది. పదిహేడో ఏట భవాని మా నాన్న సారంగపాణి దగ్గర మగ్గం నేర్చుకుంది. పంతొమ్మిదేళ్ళుగా నా పక్కన, ఒకే మగ్గం మీద కూర్చుని నేల మీద పరిచే దర్రీలు నేస్తోంది. చూడండి, ఆ పిల్లే ఈ భవాని."

అలా అనగానే తెర మీద పాత పేపర్ ఫోటో వచ్చింది. తండ్రి ఫోటో పట్టుకుని ఏడుస్తున్న పదేళ్ళ నువ్వు. రెండు వందల మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శాలువా పట్టుకున్న పెద్దమనిషి నీ వైపు రెండడుగులు వేశాడు. నువ్వు మెట్లు దిగి వెళ్ళిపోయావు. సాయంత్రానికి నీ గదికి తాళం ఉంది. అమ్మతో పాటు నెక్కొండ పోయావని పక్కింటి వాళ్ళు చెప్పారు.

వారం రోజులు ఆలోచించాను. ఆ కాగితంలో ఒక్క మాట అబద్ధం లేదు. నిన్ను తక్కువ చేసిన మాట ఒక్కటీ లేదు. నీ గురించి చదువుతుంటే నా గొంతులో ఎంత గర్వముందో నాకే వినిపించింది. తప్పెక్కడుందో చెప్పు, ఒప్పుకుంటాను. చెప్పకపోతే ఒప్పుకోను.

సంగీత పాఠశాల వాళ్ళ దర్రీ మగ్గం మీద సగంలో ఆగింది. పద్దెనిమిది అడుగులకు తొమ్మిది అయింది. నాన్న రోజూ వచ్చి, చూసి పోతున్నాడు. నిన్న మాత్రం అన్నాడు: "మొగుడు పెండ్లాలు కొట్లాడుకుంటె మూడొద్దులు మాట్లాడరు. మీరేందే, కోర్టు దాక పొయ్యేటట్టున్నరు?"

నెక్కొండకు రైలెక్కితే గంట కూడా పట్టదు. కానీ పిలవని ఇంటికి నేను రాను. అది నీకు తెలుసు.

సుభాషిణి


నెక్కొండ
2 సెప్టెంబర్ 2024

సుభాషిణికి,

నీ ఉత్తరం అందింది. అబద్ధం లేదన్నావు. హాల్లో ఉన్నది రెండు వందల మంది కాదు. కుర్చీలు నూట ఇరవై. గంటంబావు ఆలస్యమైంది కదా, కూర్చుని లెక్కపెట్టాను.

నేను నేసిన దర్రీలు నూట అరవై రెండు. అందులో ఒక్కటి కూడా తెర మీద పెట్టలేదు. పెట్టింది ఏడుస్తున్న ఒక పిల్ల ముఖం. జనం లేచింది దర్రీని చూసి కాదు. ఆ చప్పట్లు నా పనికి వచ్చినవి కావు. నాకు రాని వాటిని నేను తీసుకోను. శాలువా కూడా అందుకే తీసుకోలేదు.

ఆ పేపర్‌ను నా పన్నెండో ఏట నా చేత్తో చింపి పొయ్యిలో వేశాను. లోకంలో ఇంకోటి లేదనుకున్నాను. నువ్వు పేపరాఫీసుకు పోయి, పాత కట్టలు విప్పించి, వెతికించి తెచ్చినట్టున్నావు. అంత కష్టపడ్డావు. నన్ను అడగాలంటే నేను నీ పక్కన మూరెడు దూరంలోనే కూర్చుని ఉన్నాను.

దర్రీని వేరే వాళ్ళతో పూర్తి చేసుకో. నవ్యకు మంచి చెయ్యి ఉంది. దీపావళి తర్వాత గది ఖాళీ చేయడానికి వస్తాను. ఆ రోజు నువ్వు ఎదురుపడకపోతే మంచిది. ఇక్కడ అమ్మకు రెండెకరాల పత్తి ఉంది, నాకు పనికి తక్కువ లేదు.

జవాబు రాయనక్కర్లేదు.

భవాని


కొత్తవాడ, వరంగల్
23 సెప్టెంబర్ 2024

భవానీ,

జవాబు వద్దన్నావు. రాస్తున్నాను.

కుర్చీలు నూట ఇరవై అయితే నూట ఇరవైయే. గోడకు ఆనుకుని నిలబడ్డ వాళ్ళను నువ్వు లెక్కపెట్టలేదు.

దర్రీల మాట మాత్రం నాకు తగిలింది. నువ్వు నేసినవి నాలుగు తెచ్చి వేదిక మీద పరిస్తే సరిపోయేది. ఆ ఆలోచన నాకు రాలేదు. నేసేదాన్ని అయి ఉండి రాలేదు. అంతవరకు ఒప్పుకుంటున్నాను.

నువ్వు చెప్పినట్టే నవ్యను నీ చోట కూర్చోబెట్టాను. నాలుగు రోజుల్లో తొమ్మిది అంగుళాలు నేశాం. పిల్ల బుద్ధిమంతురాలు. నడిమిట్లో నా నీలం దారం ఆమె ఎర్ర దారాన్ని చుట్టుకుని తిరిగి రావాలి కదా, ఒక్కచోట కూడా తప్పలేదు. కానీ ఇనుప పళ్ళ పంజాతో పేకను కిందికి కొట్టే దెబ్బ కలవలేదు. నాది గట్టి చెయ్యి, ఆమెది మెత్తని చెయ్యి. ఐదో రోజు నాన్న టేపు పెట్టి చూశాడు. నా వైపు తొమ్మిది అంగుళాలు, ఆమె వైపు పది. "పాటలు పాడేటోళ్ళు దీని మీద గూసుంటె అందరు ఒక్క దిక్కుకే జారుతరు బిడ్డా" అన్నాడు. నవ్య ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. "నీ తప్పు గాదు, నా చెయ్యికి ఒక్కతే అలవాటైంది" అని చెప్పి నేనే విప్పాను. నాలుగు రోజులు నేసింది విప్పడానికి రెండు రోజులు పట్టింది.

విప్పుతూ ఇంకో సంగతి ఆలోచించాను. టిఫిన్ బండి బక్కమ్మ నీకు ప్రాణంగా ఉండేది. నువ్వు పెళ్ళి సంబంధం వద్దన్న సంగతి ఆమె నలుగురిలో అన్నదని ఆ సందులోకి పోవడమే మానేశావు. మూడేళ్ళుగా చుట్టు తిరిగి మగ్గం దగ్గరికి వస్తున్నావు. అంతకుముందు నీ పాత ఇంటి ఓనర్ కూతురు. నీకు జ్వరం వచ్చిందని నాకు ఫోన్ చేసి చెప్పింది, అంతే. నెల తిరగకుండా గది మార్చావు. వాళ్ళిద్దరూ ఈరోజుకూ కనిపిస్తే అడుగుతారు. "నేనేమన్న తప్పు మాట్లాడిన్నా సుభాషిణీ?" అని బక్కమ్మ అట్లకాడ పట్టుకుని అడుగుతుంది. నాకు తెల్వదంటాను. నిజంగానే తెలియదు.

ఇప్పుడు నేను మూడోదాన్ని. వాళ్ళు ఊరుకున్నారు. నేను ఊరుకోను. పంతొమ్మిదేళ్ళు నీ పక్కన కూర్చున్నాను, కారణం తెలుసుకునే హక్కు నాకుంది. తెర మీద దర్రీ లేదన్నది కోపానికి కారణం కావచ్చు. ఊరొదిలి పోవడానికి కాదు.

ఆ పేపర్ ఎక్కడ దొరికిందన్న మాట వదిలెయ్. తెర మీద పెట్టమని ఇచ్చింది నేను.

సుభాషిణి


నెక్కొండ
18 అక్టోబర్ 2024

సుభాషిణీ,

కారణం అడిగావు. ఒకసారే రాస్తాను. చదివి నన్ను ఓదార్చవద్దు.

అది 1998 జనవరి. నాన్న పోయి మూడో రోజు. ఆ ఏడు పత్తిని లద్దె పురుగు తినేసింది. ఏరిన కాస్త పత్తిని లోపలి గదిలో కుప్ప పోశాం. ఆ కుప్పలో నేనూ, పక్కింటి రమా దాగుడుమూతలు ఆడేవాళ్ళం. పత్తిలోకి దూరి పైన కప్పుకుంటే మనిషి ఉన్నట్టే తెలియదు. దూది ముక్కుకు అడ్డం రాకుండా రెండు చేతులూ దొప్పలా పట్టుకోవాలి. ఆ కిటుకు మా ఇద్దరికే తెలుసు. ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాం. రమ నాకంటే నెల చిన్నది. అది లేకుండా నేను బడికి పోయిన రోజు లేదు.

ఆ పొద్దున రెండు జీపులు వచ్చాయి. ఒకదాంట్లో ఎవరో నాయకుడు, ఇంకోదాంట్లో పేపర్ల వాళ్ళు. జీపు చప్పుడు వినగానే నేను కుప్పలోకి దూరాను. అన్నీ వినిపిస్తున్నాయి. "పిల్ల ఏది? పిల్లను తోల్కరాండ్రి, పిల్ల ఉంటెనే ఫోటో" అని ఒకాయన. "గీడనే ఉండె సారూ, కనవడ్తలేదు" అని మా పెద్దమ్మ. ఎంతసేపో తెలియదు. తర్వాత నా మీది పత్తి కదిలింది. ముందు కనిపించింది రమ ముఖం. వెనక నలుగురు పెద్దవాళ్ళు. రమ వేలు నా మీద ఉంది. "గిండ్ల ఉన్నది" అన్నది.

ఎత్తుకొచ్చి వాకిట్లో నిలబెట్టారు. ఒంటి నిండా దూది. అమ్మ తుడవబోతే "ఉండనియ్యమ్మా, గట్లనే మంచిగొస్తది" అన్నారు. గోడకున్న నాన్న ఫోటో తీసి నా చేతికిచ్చారు. నాకు ఏడుపు రాలేదు. "ఏడ్వు బిడ్డా, నువ్వేడిస్తెనే మీ అమ్మకు సర్కారు ఏదన్న జేస్తది." రాలేదు. వెనక నుంచి ఎవరో తొడ మీద గట్టిగా గిచ్చారు. అప్పుడు ఏడ్చాను. నువ్వు చూపించినవి ఆ కన్నీళ్ళు. అవి నాన్న కోసం వచ్చినవి కావు. నాన్న కోసం నేను తర్వాత ఎప్పుడో ఏడ్చాను. అది ఏ పేపర్లోనూ పడలేదు.

మా ఇంట్లో నాన్నది అదొక్కటే ఫోటో. అచ్చు వేసి పంపిస్తామని నా చేతిలోంచి తీసుకుపోయారు. పంపలేదు.

గిచ్చినవాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళెవరో నాకు తెలియదు. కోపం రమ మీద. నేను దాగిన చోటు తెలిసింది దానికొక్కదానికే. ఆ రోజు నుంచి దానితో మాట్లాడలేదు. జూన్‌లో హాస్టల్‌కు వచ్చేశాను.

అప్పటి నుంచి నాకు ఒకటే లెక్క. నా సంగతి ఇంకొకరికి చెప్పిన మనిషి రేపు నన్ను చూపిస్తుంది. చూపించకముందే నేను లేచిపోవాలి. బక్కమ్మ నాకేం చెడు చేయలేదని నాకు తెలుసు. తెలిసినా ఆ సందులోకి కాలు పోదు. జ్వరం సంగతి చెప్పిన పిల్ల నా మేలు కోరి చెప్పింది, అదీ తెలుసు. తెలిసిన విషయం తల దగ్గరే ఆగుతుంది, కాళ్ళ దాకా దిగదు.

నిన్ను మాత్రం ఆ లెక్కలో ఎన్నడూ పెట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా నీకే చెప్పాను. సంబంధం వద్దనుకుంటే ముందు నీకే చెప్పాను. ఆ రోజు సభలో నువ్వు "ఆ పిల్లే ఈ భవాని" అంటూ వేలు పెట్టి చూపించావు. నీ కాగితంలో ఆ వేలు లేదు కాబట్టి నీకు గుర్తుండకపోవచ్చు. నాకు తెర కనిపించలేదు, హాలు కనిపించలేదు. వేలు కనిపించింది.

ఇప్పుడు కారణం నీ దగ్గరుంది.

భవాని


కొత్తవాడ, వరంగల్
4 నవంబర్ 2024

భవానీ,

ఓదార్చను. నాది తప్పు.

ఏం తప్పో కూడా రాస్తాను, లేకపోతే ఒప్పుకున్నట్టు కాదు. నీ చిన్నతనం నీది. నిన్ను అడగకుండా తీసి పంచాను. గర్వంగా చెప్పానన్నాను కదా. ఆ గర్వంలో సగం నీ కోసం కాదు. ఇంత కష్టం దాటి వచ్చిన మనిషి నా స్నేహితురాలు అని చూపించుకునే గర్వం అది. నా గొంతు నాకు బాగా వినిపించిందంటే కారణం అదే. వేలు సంగతి నాకు గుర్తు లేదు. కానీ నువ్వు చూశానంటే ఉండే ఉంటుంది.

నీ ఉత్తరం వచ్చిన రోజు నాన్న గుమ్మంలోనే కూర్చున్నాడు.

"ఏం రాసిందే?"

"చెప్ప."

"నాకు గూడ చెప్పవా? దానికి మగ్గం నేర్పింది నేను."

"నీకు గూడ చెప్ప నాయినా."

గుమ్మంలోంచి లేచాడు. "సరె తీయ్, చాయన్న పెట్టు" అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

సంగీత పాఠశాల వాళ్ళు మొన్న వచ్చారు. జనవరి ఇరవై ఆరున హాలు తెరుస్తారట. ఇంకొకరిని కూర్చోబెట్టి పూర్తి చేయమన్నారు. విప్పిన సంగతి చెప్పాను. "ఇది ఇద్దరు మనుషుల దర్రీ. అండ్ల ఒక్కరు లేకుంటె తొమ్మిది అడుగుల కాడ కోసిస్త. మీ హాల్ల సగమే పరుసుకోండ్రి" అన్నాను. వాళ్ళ మేనేజర్ నన్ను ఎగాదిగా చూసి "గంత పొగరేందమ్మా?" అన్నాడు. "పొగరు గాదు సార్, కొలత" అన్నాను. నాన్న అటు తిరిగి నవ్వుకున్నాడు. మేనేజర్ ఆర్డర్ వెనక్కి తీసుకోలేదు. డిసెంబర్ నెలాఖరు దాకా చూస్తానని పోయాడు.

నువ్వు రావాలని ఇది రాయడం లేదు. వస్తే నీ చోటు నీది. రాకపోతే ఆ చోట ఎవరూ కూర్చోరు. దీపావళి అయిపోయింది, గది ఖాళీ చేయడానికి నువ్వు రాలేదు. నేను ఎదురు చూసి కాదు, పక్కింటి వాళ్ళు చెబితే తెలిసింది. సరే, ఎదురు కూడా చూశాను.

సుభాషిణి


నెక్కొండ
1 డిసెంబర్ 2024

సుభా,

మొదటి విడత పత్తిని కేసముద్రం మార్కెట్ యార్డుకు తీసుకుపోయాను. ట్రాక్టర్లు గేటు బయటి దాకా ఉన్నాయి. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుందన్నారు. గేటు పక్కనున్న చాయ్ హోటల్‌కు పోయాను. గిన్నె దించుతున్న మనిషి నన్ను చూసి ఆగిపోయింది.

"నువ్వు మొండయ్య బిడ్డవు భవానివి గదా?"

రమ. ఆ ఊరికే కోడలైందట. హోటల్ దానిదే. ఇద్దరు కొడుకులు. గొంతు మాత్రం మారలేదు.

నేను సోది లేకుండా అడిగాను. ఇరవై ఆరేళ్ళు దాచుకున్న ప్రశ్న కదా, చుట్టు తిప్పడం చేతకాలేదు. "ఆ రోజు నేను పత్తికుప్పల ఉన్నట్టు ఎందుకు జెప్పినవ్?"

"ఏ రోజు?"

చెప్పాను. జీపులు, ఫోటో, దాని వేలు, అన్నీ. అది పట్టుకారు చేతిలో పట్టుకుని నిలబడి విన్నది.

"నేనా? నాకు యాదికి లేదు పిల్లా. మీ నాయిన సచ్చిపోయింది యాదికున్నది. జీపులు యాదికున్నయి, మా తమ్ముడు జీపు టైరు తన్నిండని ఎవడో చెంప మీద ఒక్కటిచ్చిండు. పత్తికుప్ప..." తల అడ్డంగా ఊపింది. "నేనే జెప్పిన్నా?"

అబద్ధం కాదు. ఆ ముఖం నాకు తెలుసు, అది అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. అది తిట్టుకుంటూ దించి, నా వైపు తిరగకుండానే అన్నది:

"నాకు యాదికున్నది ఒక్కటే. నువ్వు హాస్టల్‌కు పొయ్యే రోజు బస్సు కాడికి ఉరికొచ్చిన. జామకాయలు తెచ్చిన నీకోసం. నువ్వు కిటికీల కెల్లి సూసి మొకం అటు తిప్పుకున్నవ్. నేనేం జేసిన్నమ్మా అని మా అమ్మను ఏండ్లకేండ్లు అడిగిన. పోనీ తియ్యే అనేది."

బస్సు నాకు గుర్తుంది. రమ వచ్చిన సంగతి గుర్తు లేదు. అది చేసింది దానికి గుర్తు లేదు, నేను చేసింది నాకు గుర్తు లేదు. బక్కమ్మ అట్లకాడ పట్టుకుని నిన్ను అడుగుతుందని రాశావు కదా. యార్డులో కూర్చున్నంతసేపూ ఆ వాక్యమే తిరిగింది.

మేమేం మళ్ళీ ప్రాణస్నేహితులం అయిపోలేదు. రెండు చాయలు తాగాం, నంబర్లు రాసుకున్నాం. మా పత్తిలో తేమ ఎక్కువుందని యార్డు వాళ్ళు వంక పెడితే, రమ గిన్నె పక్కన పెట్టి వచ్చి వాళ్ళతో కొట్లాడింది. అంతే.

మర్నాడు పొద్దున ఇదంతా అమ్మకు చెప్పాను. వింటూనే అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత అన్నది: "పాపం ఆ సుభాషిణిని ఎన్ని దినాలు ఏడిపిస్తవే? ఆ పేపర్ దానికి ఇచ్చింది నేను."

నాకు అర్థం కాలేదు. అమ్మ చెప్పింది రాస్తున్నాను, నువ్వు కాదనకు. జూలైలో నువ్వు ఫోన్ చేసి నా చిన్నప్పటి ఫోటో ఏదైనా ఉందా అని అడిగావు. అమ్మ దగ్గర ఉన్నది అదొక్కటే. తొంభై ఎనిమిదిలో అమ్మ రెండు పేపర్లు కొనిపించిందట. "ఒకటి నువ్వు చింపినవ్. ఇంకోటి పెట్టె అడుగున దాసిన. అండ్ల మీ నాయిన మొకం ఉన్నది గదనే. ఇంకెక్కడున్నది?"

ఆ పేపర్‌లో నా చేతిలో నాన్న ఉన్నాడు. ఇన్నేళ్ళూ నేను నా ముఖమే చూశాను.

అమ్మ ఇచ్చిందని నువ్వు మొదటి ఉత్తరంలోనే ఒక ముక్క రాసి ఉంటే నా కోపం సగం అమ్మ మీదికి పోయేది. నేను నీ మీద పేపరాఫీసు నింద వేసినప్పుడు కూడా నువ్వు రాయలేదు. "నువ్వు జెప్పకు అత్తా, నేను పడ్త" అని అమ్మ నోరు కూడా మూయించావట. ఎందుకు?

భవాని


కొత్తవాడ, వరంగల్
10 డిసెంబర్ 2024

భవానీ,

నువ్వు మెట్లు దిగి పోయాక, హాల్లోనే ఉన్న యాదవ్వ అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఇగ నా బిడ్డ నాతోని గూడ మాట్లాడదు" అన్నది. అప్పటికి నాకు పత్తికుప్ప సంగతి తెలియదు. నువ్వు తెంచుకుంటే తిరిగి రావన్నది మాత్రం తెలుసు. ఇక్కడి నుంచి లేస్తే నువ్వు పోయేది అమ్మ ఇంటికే. ఆ తలుపు కూడా నువ్వే మూసుకుంటే ఇంకెక్కడికి పోతావు? అందుకే చెప్పొద్దన్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. తెర మీద పెట్టింది నేను. అత్త బిడ్డ ఫోటో ఇచ్చింది, సభకు ఇవ్వలేదు. నా తప్పులో సగం ముసలామె మీద వేసి నేను తేలికపడితే, ఆ తర్వాత నువ్వు నాతో మాట్లాడినా ఏం గొప్ప?

నేనేదో త్యాగం చేశాననుకోకు. ప్రతి ఉత్తరంలోనూ రాయబోయాను. సెప్టెంబర్‌లో పూర్తిగా రాసేశాను కూడా, ఆ పేజీ చింపి మళ్ళీ రాశాను. "ఎక్కడ దొరికిందన్న మాట వదిలెయ్" అన్న ముక్క రాయడానికి ఒక పూట పట్టింది. నా నోరు నీకు తెలుసు కదా, అది నాలుగు నెలలు మూసుకుని ఉంది. దానికి మాత్రం నాకు గర్వంగానే ఉంది. ఇది ఎవరికీ చూపించుకునే గర్వం కాదు.

సంగీత పాఠశాల మేనేజర్ మళ్ళీ ఫోన్ చేశాడు. హాలు తెరిచే రోజు దర్రీ నేసిన వాళ్ళ గురించి ఎవరైనా రెండు నిమిషాలు చెప్పాలట. నన్నే చెప్పమన్నాడు. "దర్రీ గురించి అడుగుండ్రి సార్, చెప్త. మనుషుల గురించి నేను చెప్ప" అన్నాను. "అసలు దర్రీ అయితదా?" అన్నాడు. అది నాకే తెలియదు. అదే చెప్పాను.

సుభాషిణి


నెక్కొండ
18 డిసెంబర్ 2024

సుభా,

సోమవారం పొద్దున బండికి వస్తున్నాను. స్టేషన్‌కు రాకు. మగ్గం దగ్గర ఉండు. పడుగు ఇన్నాళ్ళకు వదులై ఉంటుంది, సారంగపాణి మామను ఆదివారమే బిగించి ఉంచమను. నవ్యను కూడా ఉండమను. పంజా దెబ్బ ఎట్లా కలపాలో ఎవరూ చెప్పకుండా వదిలేశాం ఆ పిల్లను. మన మధ్య నిలబెట్టి నేర్పుదాం.

తొమ్మిది అడుగులున్నాయి, ముప్పై నాలుగు రోజులున్నాయి. మనం రోజుకు మూడు అంగుళాలు నేస్తాం. అది చాలదు. మూడున్నర నేయాలి. నేస్తాం. మేనేజర్‌కు ఆ మాట ఉత్తరం అందిన రోజే చెప్పెయ్.

స్టేషన్ నుంచి బక్కమ్మ ఉన్న సందులోంచే వస్తాను. ఆమెతో ఏమంటానో ఇంకా తెలియదు. ముందు ఇడ్లీ అడుగుతాను.

నాలో అన్నీ సర్దుకున్నాయని అనుకోకు. రేపు ఎవరైనా నా సంగతి ఇంకొకరి దగ్గర ఎత్తితే నా కాలు మళ్ళీ మెట్ల వైపే పోవచ్చు. పోతే పట్టి ఆపకు. వారం చూసి ఉత్తరం రాయి. ఈసారి నాలుగు నెలలు పట్టదు.

నువ్వు అమ్మకు తిరిగిచ్చిన ఆ పేపర్‌ను అమ్మ నాకు ఇచ్చింది. నెక్కొండలో ఫోటో స్టూడియో వాళ్ళకు చూపించాను. పిల్లను వదిలేసి, ఆమె చేతిలోని ఫోటో ఒక్కటే పెద్దది చేయమన్నాను. మసకగా వస్తుందన్నారు. మసకగానే రానివ్వమన్నాను. అమ్మ దాన్ని చూసి "గిదే మొకం" అన్నది. గోడకు మేకు పాతదే ఉంది.

ఇరవై ఆరో తారీఖు సంగతి. మాట్లాడటానికి మనిషి దొరికిందని వాళ్ళకు చెప్పు. నేను మాట్లాడతాను. హాల్లో పరిచి ఉన్నది నూట అరవై మూడో దర్రీ అని చెప్తాను. నాన్న పేరు చెప్తాను, పత్తి రైతు అని చెప్తాను. ఆయన ఎట్లా పోయాడో చెప్పాలా వద్దా అన్నది అక్కడ నిలబడ్డాక నేనే చూసుకుంటాను.

నీ గురించి కూడా చెప్తాను. ఆరు మాటలు రాసి పెట్టుకున్నాను. సోమవారం మగ్గం మీద కూర్చున్నాక ఒక్కొక్కటి చదువుతాను. నువ్వు సరేనన్నవే వేదిక మీద చెప్తాను. వద్దన్నవి మన దగ్గరే ఉంటాయి.

నీ
భవాని